నేర్చుకుంటూ నేర్పినవారు: పాతబస్తీ నుంచి స్పానిష్ దాకా

పరాయి దేశంలో ఉంటూ బతుకుతెరువు కోసం ఇంగ్లీషు బోధించడం, అదే సమయంలో ఆ దేశపు భాషను బడిలోనూ బజారులోనూ నేర్చుకోవడం, ఈనాడు ఎందరో యువతీయువకులు ఎంచుకుంటున్న దారి. స్పెయిన్ ప్రభుత్వం ఇంగ్లీషు మాట్లాడే దేశాల పట్టభద్రులను తన ప్రభుత్వ పాఠశాలల్లో సంభాషణ సహాయకులుగా నియమించి, వారానికి కొద్ది గంటల పనికి నెలవారీ భృతి ఇచ్చే పథకాన్ని చాలా ఏళ్లుగా నడుపుతోంది. అలా వెళ్లినవారు పొద్దున తరగతిలో గురువులై, సాయంత్రం కూరగాయల అంగడి ముందు శిష్యులవుతారు. ఈ రెండు పాత్రలూ వేర్వేరని, మొదటిది ఉద్యోగమైతే రెండోది సరదా అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎదుటివారి భాషను కష్టపడి నేర్చుకున్నవారే తమ భాషను ఎదుటివారికి బాగా చెప్పగలరు. ఇందుకు ఆధారాలు వెతకడానికి ఐరోపా దాకా పోనక్కరలేదు. హైదరాబాద్ పాతబస్తీలోనూ, మూసీ అవతలి ఒడ్డునా రెండు శతాబ్దాలకు పైగా ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగుతూనే ఉంది.

కోఠీ మహిళా కళాశాలగా ప్రజలకు తెలిసిన భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంటు అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే రాయబారి. ఆ భవనాన్ని కట్టించడం మొదలుపెట్టిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టి, 1798 నుంచి 1805లో మరణించేదాకా ఆ పదవిలో ఉన్నాడు. ఖైరున్నిసాతో అతడి ప్రేమ, పెళ్లి గురించి పుస్తకాలు వచ్చాయి, కథలు కథలుగా జనం చెప్పుకుంటారు. అతడి భాషా పరిజ్ఞానం గురించి అంతగా ఎవరూ మాట్లాడరు. ఫారసీ, హిందూస్తానీ భాషల్లో ధారాళంగా మాట్లాడగలగడం వల్లనే చార్మినార్ వైపు ఉన్న దేవిడీలలో, అంటే ప్రభువుల ప్రాంగణ భవనాలలో, దుబాసీ అవసరం లేకుండా రాజకీయం నడపగలిగాడు. అతడి అన్న విలియం కూడా అంతకుముందు ఇక్కడే రెసిడెంటుగా పనిచేసిన ఫారసీ పండితుడు. టిప్పు సుల్తాన్ లేఖలను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు.

ఈ విద్య వెనుక ఉన్న మనిషి మున్షీ. దర్బారు ఉత్తరాలు చదివి, జవాబుల ముసాయిదా రాసి, దొరకు భాష చెప్పే విద్యావంతుడిని ఆ రోజుల్లో మున్షీ అనేవారు. కిర్క్‌పాట్రిక్ దగ్గర ఢిల్లీ నుంచి వచ్చిన అజీజుల్లా ఆ పని చేశాడు. మున్షీ చెప్పే పాఠం వ్యాకరణంతో ఆగేది కాదు. దర్బారు ఉత్తరాలను షికస్తా అనే గొలుసుకట్టు రాతలో రాసేవారు. అందులో చుక్కలు చాలాచోట్ల ఉండవు, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. అందుకే సాదీ రాసిన గులిస్తాన్‌ను చక్కని రాతప్రతిలో గడగడా చదివే ఆంగ్లేయుడు కూడా దివాను కచేరీ నుంచి వచ్చిన రెండు పంక్తుల కాగితం ముందు నిలిచిపోయేవాడు. మున్షీ ఆ కాగితాన్ని పైకి చదివి, ఏ హోదా వారికి ఏ బిరుదుతో సంబోధన మొదలుపెట్టాలో, ఏ మాట వాడితే మర్యాద తప్పుతుందో, ఏ మాటలో నిరాకరణ దాగి ఉందో విడమరిచి చెప్పేవాడు. ఆ క్రమంలో కొందరు మున్షీలకు ఇంగ్లీషు కూడా పట్టుబడింది.

ఈ పరదేశీ శిష్యుల అవసరం మన సాహిత్యాలనూ మలుపు తిప్పిందంటే ఆశ్చర్యం కలగవచ్చు. కలకత్తాలో 1800లో ఏర్పడిన ఫోర్ట్ విలియం కళాశాలలో కంపెనీ ఉద్యోగులకు హిందూస్తానీ నేర్పడానికి మీర్ అమ్మన్ రాసిన బాగ్-ఒ-బహార్ ఉర్దూ వచనానికి గట్టి పునాది వేసిన గ్రంథాలలో ఒకటైంది. మద్రాసులో 1812లో మొదలైన సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు పండితుడు రావిపాటి గురుమూర్తి శాస్త్రి రాసిన విక్రమార్క కథలు తొలినాటి అచ్చు తెలుగు వచనంలో చోటు సంపాదించుకున్నాయి. తెలుగు నిఘంటువుకు తన పేరు శాశ్వతంగా అంటిపెట్టుకున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది కూడా ఆ కళాశాలలోనే. తర్వాత కడపలో, మచిలీపట్నంలో బడులు పెట్టించి, స్వదేశానికి తిరిగి వెళ్లాక లండన్‌లో తెలుగు ఆచార్యుడయ్యాడు. పరాయి భాష నేర్చుకుని దాన్నే బోధించే స్థాయికి ఎదిగిన ఇలాంటి దొరల పేర్లు పుస్తకాల అట్టల మీద మిగిలాయి. వారికి అక్షరాలు దిద్దించిన మున్షీలూ పండితులూ చాలావరకు ముందుమాటల్లో ఒక్క వాక్యానికి పరిమితమయ్యారు. ఆ రోజుల్లో భాషా బోధన అనే వృత్తిని నిలబెట్టినవారు వారే గనుక ఈ అన్యాయాన్ని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ప్రవాహం ఎదురు దిశలో కూడా సాగింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా 1850లలో పాతబస్తీలో స్థాపించిన దారుల్ ఉలూమ్‌లో అరబ్బీ, ఫారసీలతో పాటు ఇంగ్లీషూ చేరింది. రెండేళ్ల వయసులో గద్దెనెక్కిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఇంగ్లీషు చెప్పడానికి కెప్టెన్ జాన్ క్లర్క్, ఆ తర్వాత అతడి సోదరుడు క్లాడ్ క్లర్క్ వచ్చారు. రాజ్య వ్యవహారాలు మాత్రం 1884లో ఉర్దూ ఆ స్థానంలోకి వచ్చేదాకా ఫారసీలోనే నడిచాయి. అదే కాలంలో ఎడింబరోలో చదివిన బెంగాలీ శాస్త్రవేత్త అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఇక్కడికి వచ్చి ఇంగ్లీషు చదువుకు పాదులు తీశాడు. ఆయన కూతురు సరోజిని చిన్నతనంలో ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే, తొమ్మిదేళ్ల వయసులో ఒక గదిలో ఒంటరిగా ఉంచారనీ, బయటికి వచ్చాక తండ్రితోనూ తల్లితోనూ ఇంగ్లీషే మాట్లాడిందనీ, తల్లి మాత్రం తనతో హిందూస్తానీలోనే మాట్లాడేదనీ ఆమె స్వయంగా చెప్పుకున్నది 1905లో వెలువడిన ఆమె తొలి కవితా సంపుటి పీఠికలో నమోదైంది. ఆ పసిదాని శిక్షను ఈనాటి ఉపాధ్యాయులెవరూ మెచ్చరు. ఆ ఇంట్లో భాషలు మనుషులను బట్టి విడిపోయిన తీరు మాత్రం గమనించదగ్గది.

ఈ చరిత్రలో అందరికన్నా శ్రద్ధగా చూడవలసిన వ్యక్తి మార్మడ్యూక్ పిక్థాల్. 1875లో లండన్‌లో ఒక మతాధికారి ఇంట పుట్టి, హారో పాఠశాలలో చదివి, తూర్పు దేశాల దౌత్య ఉద్యోగానికి ఎంపిక కాలేక, 1894లో ఈజిప్టు మీదుగా పాలస్తీనా, సిరియా ప్రాంతాలకు వెళ్లాడు. అక్కడ తోటి ఆంగ్లేయుల సలహాలను పక్కనపెట్టి, స్థానికుల దుస్తులు వేసుకుని, గుర్రం మీద ఊరూరా తిరుగుతూ, సత్రాలలో బసచేస్తూ, వెంట ఉన్న దుబాసీ మాటల నుంచే అరబ్బీ ఒడిసిపట్టాడు. ఆ తిరుగుళ్లను 1918లో పుస్తకంగా అచ్చువేశాడు. అంతకు ముందు సంవత్సరం ఇస్లాం స్వీకరించాడు. నవలాకారుడిగా పేరు తెచ్చుకున్నాక 1920లో బొంబాయి క్రానికల్ పత్రిక సంపాదకుడిగా భారతదేశానికి వచ్చి, ఇక్కడ ఉర్దూ నేర్చుకున్నాడు.

1925లో నిజాం ప్రభుత్వం ఆయనను చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా నియమించింది. మూసీ వంతెన దాటితే పాతబస్తీ. వంతెనకు ఇవతల బడి. ఆ నాటికి ఉర్దూ మాధ్యమంగా, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం నడుస్తోంది. దానికి అవసరమైన గ్రంథాలను అనువాద విభాగమైన దారుల్ తర్జుమా ఉర్దూలోకి తెస్తోంది. అటువంటి వాతావరణంలో ఇంగ్లీషు తల్లిభాషగా గల ప్రధానోపాధ్యాయుడు తన విద్యార్థుల భాష తెలిసినవాడై ఉండడం ఎంత విలువైనదో ఊహించవచ్చు. 1927లో ఆయన సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి ఇస్లామిక్ కల్చర్ అనే త్రైమాసిక పత్రిక మొదలైంది. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చే పని పూర్తి చేసుకునేందుకు నిజాం ఇచ్చిన దీర్ఘకాలపు సెలవులో ఆయన ఈజిప్టుకు వెళ్లి అక్కడి పండితులతో చర్చించాడు. ఆ గ్రంథం 1930లో వెలువడింది. మూలానికి సాటిరాగల అనువాదం అసాధ్యమని నమ్మినందువల్ల తన గ్రంథాన్ని ఖురాన్ అనకుండా దాని భావం అనే పేరుతోనే ప్రచురించాడు. 1935లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లిన పిక్థాల్ మరుసటి ఏడాది మరణించాడు. అరబ్బీ మూలంతో కలిపిన ప్రతిని 1938లో హైదరాబాద్ ప్రభుత్వ ముద్రణాలయమే అచ్చువేసింది. ఇంగ్లీషు చెప్పే బడిపంతులుగా వచ్చిన ఈ మనిషి అప్పటికే మూడు దశాబ్దాల పాటు మరో భాషకు విద్యార్థిగా ఉన్నాడు. ఆయన పనికి ఆ లోతు అక్కడి నుంచే వచ్చిందని చెప్పడంలో సందేహం అక్కరలేదు.

బడుల వెలుపల జరిగిన భాషాభ్యాసం ఇంతకన్నా విస్తారమైనది. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కాస్ ఒకప్పుడు నిజాం అరబ్బు సైనికుల నివాసం. బ్యారక్స్ అనే మాటే బార్కాస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన చావుష్‌లని పిలిచే ఆ కుటుంబాలు తరాలు గడిచేకొద్దీ దక్కనీ ఉర్దూను తమదిగా చేసుకున్నాయి. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలకు వలస ఊపందుకున్నాక పాతబస్తీ మనుషులు ఎదురు దారి పట్టారు. వారిలో చాలామంది చిన్నతనంలో నాజిరా, అంటే అర్థంతో నిమిత్తం లేకుండా ఖురాన్‌ను చూసి చదవడం, పూర్తిచేసినవారే. కనుక లిపి వచ్చు, గొంతు నుంచి పలికే అక్షరాలూ వచ్చు, రానిది అర్థమొక్కటే. నివాస అనుమతి పత్రమైన ఇఖామా, పనికి పిలిపించిన యజమాని అయిన కఫీల్ అనే రెండు మాటలతో మొదలై, గ్రంథాల అరబ్బీకి చాలా దూరంగా ఉండే వాడుక అరబ్బీ పనిచోటనే చెవికి పట్టేది. లిపి, ఉచ్చారణ, అర్థం ఈ మూడూ వేర్వేరు దారుల్లో, వేర్వేరు వయసుల్లో వస్తాయనడానికి వీరి అనుభవమే సాక్ష్యం.

ఇక స్పానిష్ సంగతి. స్పెయిన్‌తో పాటు లాటిన్ అమెరికాలోని చాలా దేశాలకు ఇది అధికార భాష. అమెరికాలో 4 కోట్లకు పైగా జనం ఇళ్లలో మాట్లాడుకునే భాష. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడిన తెలుగువారి పిల్లలు బడిలో రెండో భాషగా తరచు దీన్నే తీసుకుంటారు. హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా ఇంగ్లీషు ద్వారా మొదలుపెడతారు, ఎందుకంటే దొరికే పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నవే. అక్కడే వారికి అనవసరమైన కష్టం ఎదురవుతుంది. కాఫీ ఇష్టమని చెప్పడానికి స్పానిష్‌లో 'మే గుస్తా ఎల్ కఫే' అంటారు. ఇంగ్లీషు నుంచి వచ్చిన విద్యార్థికి వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగు విద్యార్థికి అది 'నాకు కాఫీ ఇష్టం' అన్నట్టే ఉంటుంది, ఎందుకంటే రెండు భాషల్లోనూ ఇష్టపడే మనిషి 'నాకు' అనే రూపంలో ఉంటాడు. క్రియ చివర చూసి కర్తను గుర్తుపట్టడం కూడా మనకు కొత్త కాదు. మాట్లాడతాను, మాట్లాడతావు అన్నప్పుడు నేను, నువ్వు అని వేరే చెప్పనట్టే ఆబ్లో, ఆబ్లాస్ అన్నప్పుడూ చెప్పనక్కరలేదు.

స్పానిష్ నేర్చుకునేవారిని ఏళ్ల తరబడి వేధించే విషయం ఒకటుంది. 'ఉండటం' అనే ఒక్క అర్థానికి సేర్, ఎస్తార్ అని రెండు క్రియలు. మొదటిది మనిషి స్వభావాన్ని, గుర్తింపును చెబుతుంది. రెండోది ఇప్పటి స్థితిని, ఉన్న చోటును చెబుతుంది. తెలుగులో 'ఆయన మంచివాడు' అన్నప్పుడు క్రియే ఉండదు, 'ఆయన బాగున్నాడు' అన్నప్పుడు ఉండు ధాతువు వస్తుంది. 'ఆయన టీచరు' అంటాం, 'ఆయన ఇంట్లో ఉన్నాడు' అంటాం. స్పానిష్‌లో సేర్ వచ్చే చాలాచోట్ల తెలుగులో క్రియ లేకుండా పోతుంది, ఎస్తార్ వచ్చే చాలాచోట్ల 'ఉన్నాడు' వస్తుంది. ప్రతి సందర్భంలోనూ ఈ లెక్క కుదరకపోయినా, మొదటి నెలల్లో తడబాటును తగ్గించగల ఈ పోలికను ఇంగ్లీషు పుస్తకం చెప్పలేదు. పెద్దలను 'ఉస్తెద్' అని, తోటివారిని 'తూ' అని పిలిచే తేడా మన మీరు, నువ్వు వంటిదే. పేరో అనే మాటలో మామూలు రకారం పలికితే 'కానీ' అని, గట్టి రకారం పలికితే 'కుక్క' అని అర్థాలు మారిపోతాయి. బండి ఱ తెలుగు అక్షరమాలలో ఇంకా నిలిచే ఉంది గనుక మన పిల్లలకు ఆ భేదం ఉందన్న ఎరుక అయినా ఉంటుంది.

పాతబస్తీ విద్యార్థికి మరో ఆస్తి ఉంది. క్రీస్తుశకం 711 నుంచి 1492లో గ్రనడా పతనం దాకా స్పెయిన్‌లో ముస్లింల పాలన ఏదో ఒక ప్రాంతంలో సాగినందువల్ల స్పానిష్‌లో అరబ్బీ మాటలు బాగా ఇంకిపోయాయి. కుంకుమపువ్వును ఇక్కడ జాఫ్రాన్ అంటారు, అక్కడ అసఫ్రాన్ అంటారు. ఇక్కడి జైతూన్ అక్కడ అసెయ్‌తూనా. పెళ్లిళ్లు నమోదు చేసే ఖాజీ పదవి పేరు స్పెయిన్‌లో ఊరి మేయరుకు అల్కాల్దేగా స్థిరపడింది. ఖాన్ అనే పేరులో ఉర్దూవారు గొంతు అడుగు నుంచి పలికే ధ్వనికి దగ్గరిదే స్పెయిన్‌లో జే అక్షరం పలుకు. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ మాట్లాడే లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ పిల్లలకు వాక్యనిర్మాణంలో ఒకవైపు నుంచి, మాటల్లోనూ ధ్వనుల్లోనూ మరోవైపు నుంచి సాయం అందుతుంది.

స్పానిష్ ఇలా నేర్చుకున్నవారు స్పానిష్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పవలసి వస్తే, ఇదే జ్ఞానం అటునుంచి పనికొస్తుంది. స్పానిష్ విద్యార్థి స్కూలును 'ఎస్కూల్' అంటాడు, ఎందుకంటే అతడి భాషలో ఏ మాటా సకారం, దాని వెంటనే మరో హల్లుతో మొదలుకాదు, ముందు ఒక అచ్చు రావాలి. పాతబస్తీలో 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అనే పలుకులు రోజూ వినిపిస్తాయి. ఆ అచ్చును ఎలా వదిలించుకోవాలో సొంత నాలుక మీద సాధన చేసిన ఉపాధ్యాయుడు, అది నిర్లక్ష్యం కాదనీ మాతృభాష వేసిన ముద్ర అనీ తెలిసి ఓపికగా దిద్దుతాడు. వర్షం పడుతోందని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు స్పానిష్ పిల్లలు కర్తను మరిచిపోవడం కూడా ఇటువంటిదే.

అయినా చాలా దేశాల ఉద్యోగ ప్రకటనలు ఇంగ్లీషు మాతృభాషగా గలవారే కావాలంటాయి. దక్షిణ కొరియాలో భాషా బోధన వీసా సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఇస్తారు. 2010లో అమల్లోకి వచ్చిన భారత-కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల మాత్రమే తగిన అర్హతలున్న భారతీయ ఉపాధ్యాయులకు సహాయక బోధకులుగా తలుపు తెరుచుకుంది. మాతృభాషగా మాట్లాడేవాడే ఉత్తమ గురువు అనే నమ్మకం ఒక భ్రమ అని రాబర్ట్ ఫిలిప్సన్ అనే పండితుడు 1992లోనే గట్టిగా వాదించాడు. పుట్టుకతో భాష వచ్చినవారు దాన్ని నేర్చుకోలేదు, అది వారిలో పెరిగింది. నేర్చుకున్నవారికి దారిలోని ప్రతి మలుపూ తెలుసు. పాస్‌పోర్టు రంగును చూసి గురువును ఎంచే పద్ధతి విద్యార్థులకే నష్టం చేస్తోంది. దానిపై భారతీయ ఉపాధ్యాయులు అసంతృప్తి చెందడంలో పూర్తి న్యాయం ఉంది. అలాగని అర్హత లేకుండా వెళ్లడం కూడా తగదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ సంస్థ ఇచ్చే సెల్టా అనే బోధనా ధ్రువపత్రానికి కనీసం 120 గంటల శిక్షణ, అందులో నిజమైన విద్యార్థుల ముందు 6 గంటల బోధన ఉంటాయి. స్పానిష్ వైపు చూస్తే, స్పెయిన్ ప్రభుత్వపు సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డేలే పరీక్షలు ఉన్నాయి. అవి ఐరోపా భాషా ప్రమాణాల ప్రకారం ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా ఉంటాయి. తరగతి నడిపే మనిషికి కనీసం మూడో మెట్టయిన బీ1 అయినా ఉంటే విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో పసిగట్టగలుగుతారు.

ఈ రెండు చదువులకూ హైదరాబాద్‌లో ఒకే చిరునామా ఉంది. తార్నాక దగ్గర 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను కలుపుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో స్పానిష్ నేర్పుతారు. భారత ప్రభుత్వ సాంకేతిక సహకార పథకం కింద ఆఫ్రికా, మధ్య ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి ఉద్యోగులూ ఉపాధ్యాయులూ ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికే వస్తారు. ఇద్దరు కలిసి కూర్చుని అరగంట ఒకరి భాష, అరగంట మరొకరి భాష మాట్లాడుకునే జోడీ పద్ధతికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. ఐరోపాలో దీన్ని టాండెమ్ అంటారు. మున్షీ పాఠానికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమంటే, ఇక్కడ ఒకరు యజమాని, ఒకరు జీతగాడు కారు. పాతబస్తీ బడుల్లో చదివిన పిల్లలు ఆ తరగతులకు చేరాలంటే రవాణా సౌకర్యం, రుసుములో రాయితీ మాత్రమే చాలవు. తెలుగు, ఉర్దూ ఆధారంగా రాసిన స్పానిష్ వాచకం కూడా కావాలి. అటువంటి వాచకం తొలి పాఠం 'మే గుస్తా'తోనే మొదలుకావచ్చు, రెండో పాఠంలో 'మంచివాడు', 'బాగున్నాడు' అనే మాటలను పక్కపక్కన పెట్టవచ్చు, మూడో పాఠానికి జాఫ్రాన్, జైతూన్, ఖాజీ సరిపోతాయి.